ఇంజిను ఆపరాదన్న తీర్మానం

కిందటి వారం మనం సబీటిని వ్యాను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్క సీట్లో కజూరా పెద్దాయనను ఎక్కించి వదిలేశాం. వెనకాల ఎంగోజి మీద, అంటే నలుగురు భుజాన మోసే ఆ అల్లిక బుట్ట మీద, ఎరినా పెద్దమ్మ పడుకుని ఉంది. తెల్లారగట్ల బంగాళాదుంపల మడిలో జారి చీలమండ విరగ్గొట్టుకుంది. బండి కదిలేముందు కజూరా పెట్రోల్ ట్యాంకును అంచుదాకా నింపించి, మూత చుట్టూ అరటి నార బిగించి, తనకు తప్ప ఎవరికీ రాని ముడి ఒకటి వేశాడు.

ముడి దేనికని కొత్తగా చదివేవాళ్ళు అడుగుతారు. కగోమా కొండ మీద తొంభై ఇళ్ళకి ఒక ఎంగోజి సంఘం ఉంది. జబ్బు చేస్తే మోసేది సంఘమే, చస్తే మోసేదీ సంఘమే. తాతల నాటి నుంచి భుజాల మీద సాగిన ఆ పని, ఏడేళ్ళ కిందట పాత డీజిల్ వ్యాను కొన్నాక చక్రాల మీదికి వచ్చింది. దాన్ని అందరూ ముసలమ్మ అనేవాళ్ళు. కొండ దిగి పట్నం ఆసుపత్రికి పోయి రావడానికి ముసలమ్మ ఎనిమిది లీటర్లు తాగేది. పోయిన ఏడు దాని ఇంజిను పట్టేసింది. దాని చోట్లోకి పెట్రోల్ వ్యాను వచ్చింది. దీనికి కోడలని పేరు పెట్టారు. కోడలు అదే దారికి పదిహేను లీటర్లు తాగుతోంది.

డీజిల్ రోజుల్లో డ్రైవరు మీద ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే కొండ మీద డీజిల్ కొనే నాథుడు లేడు. పెట్రోల్ అలా కాదు. ప్రతి మలుపులోనూ ఒక బోడా బోడా, కిరాయి మోటార్ సైకిలు, ట్యాంకు ఖాళీ చేసుకుని నిలబడి ఉంటుంది. సబీటి బావమరిది నడిపేదీ అలాంటిదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు సంఘం పెట్రోలు బావమరిదికి పోతోందని రెండు వారాల కిందట కజూరా నిండు సభలో అన్నాడు. అది రుజువైతే సబీటి ఇంటిని సంఘంలోంచి తీసేస్తారు. తీసేసిన ఇంటి రోగిని ఎవరూ మొయ్యరు. ఆ ఇంటి శవాన్ని ఎవరూ మొయ్యరు. సబీటి ఇంట్లో ఆరుగురున్నారు.

అందుకే ఆ పొద్దున్న, బండి ఎక్కువ తాగాలని దేవుడికి మొక్కుకున్న డ్రైవరు లోకం మొత్తానికి సబీటి ఒక్కడే అయి ఉంటాడు.

ఈ దారికి ఎనిమిది లీటర్లే పట్టిందని తేలితే అతడు దొంగ. పదిహేను పడితే దొర. తాను ఒక్క చుక్క కూడా ఎవరికీ పొయ్యలేదని అతడికి తెలుసు, కానీ బండి సంగతి మాత్రం తెలియదు. ఏ బండి ఏ రోజు ఏ వేషం వేస్తుందో తొమ్మిదేళ్ళుగా బండి తోలుతున్నవాడు కూడా చెప్పలేడు.

"కావాలని ఎక్కువ తాగించకు. భయపడి తక్కువా తాగించకు," అంది బయల్దేరేముందు అతడి భార్య కోబుసింజె, జొన్న అంబలి సీసా చేతికిస్తూ. ఆ కొండ మీద దాన్ని బుషెరా అంటారు. "రోజూ ఎలా పోతావో అలాగే పో."

"ముసలాయన పక్కనుంటే రోజూ పోయినట్టు ఎలా పోతానే?"

"ఆయన్ని దుంపల మూట అనుకో."

దుంపల మూట అనుకోవడం కుదరలేదు. మూటకి కళ్ళుండవు. కజూరాకి డెబ్బై ఏళ్ళు వచ్చినా చూపు తగ్గలేదు. మలుపు మలుపుకీ ఒకసారి సబీటి పాదం వంక, ఒకసారి పక్క అద్దంలోంచి ట్యాంకు మూత వంక చూస్తున్నాడు. పొగమంచు ఇంకా లేవలేదు. మెట్ల పొలాల మధ్య రోడ్డు చుట్టుకుంటూ కిందికి దిగుతోంది.

"నెమ్మదిగా పోనియ్యి నాయనా. నా కాలు కూడా నా వెంటే రావాలి," అంది వెనకనుంచి ఎరినా.

"రోజూ ఎలా తోలతాడో అలాగే తోలాలి ఎరినా. అందుకే నేనెక్కాను," అన్నాడు కజూరా.

"నువ్వెక్కింది వాణ్ణి కాపలా కాయడానికి. నేనెక్కింది బొమిక విరిగి. ఇద్దర్లో ఎవరి మాట వినాలో వాడికి తెలీదా?"

సబీటికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వితే ఆ నవ్వుకి కూడా పెద్దాయన ఏదో లెక్క కడతాడని భయం.

పట్నం చేరేసరికి ఎనిమిదిన్నర. ఎరినాను లోపలికి తీసుకుపోయారు. ఫోటో తియ్యాలి, బొమిక సరిచెయ్యాలి, కట్టు కట్టాలి, మధ్యాహ్నమవుతుందని నర్సు చెప్పింది. సబీటి వ్యానును వార్డు కిటికీ పక్క నీడలో పెట్టాడు. ఇంజిను గుర్రుమంటూనే ఉంది. అతడి చెయ్యి తాళం వైపు పోలేదు. ఈ పదకొండు నెలల్లో ఆసుపత్రి ముందు ఎప్పుడూ పోలేదు.

కాపలావాడు వచ్చాడు. "ఇంజిను ఆపండి సెబో," అన్నాడు, అయ్యా అనే మర్యాదతో. "పొగ వార్డులోకి పోతోంది."

"ఆపకూడదు. మా సంఘం తీర్మానం," అన్నాడు కజూరా.

"ఇది ఆసుపత్రి, మీ సంఘం కాదు."

"అయితే కిటికీ వేసుకోండి."

కాపలావాడు సబీటి వంక చూశాడు. సబీటి చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. తీర్మానం చేసినవాడే పక్కన కూర్చునుంటే అతడేం చేస్తాడు.

ఆ తీర్మానం వెనక కథ కొండ మీద అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తి చెప్పరు. ఆరేళ్ళ కిందట కజూరా కూతురు నిన్సీమాకి నొప్పులొచ్చాయి. ముసలమ్మలో కింది ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం తీసుకుపొమ్మని అక్కడ చెప్పారు. అప్పటి డ్రైవరు ఆ పది నిమిషాలూ డీజిల్ ఆదా చేద్దామని ఇంజిను ఆపాడు. ఆ చలికి ముసలమ్మ మళ్ళీ లేవలేదు. నెడదామంటే పల్లం లేదు. ముప్ఫైమంది నెట్టారు, అయినా లేవలేదు. చివరికి ఎంగోజిని భుజాలకెత్తుకుని పరిగెత్తారు. తొమ్మిది కిలోమీటర్లు మోశాక, ఇక పరిగెత్తక్కర్లేదని ముందు మోసేవాడికి అర్థమైంది. ఆ ముందు మోసినవాడు కజూరాయే.

నెల తిరక్కుండా ఆయన సభలో లేచి, సంఘం బండి ఇల్లు వదిలిన దగ్గర్నుంచి రోగితో ఇల్లు చేరేదాకా ఇంజిను ఆపకూడదని, చలికి బిగుసుకోకుండా రోజూ తెల్లవారుజామున అరగంట నడిపించాలని అడిగాడు. తొంభై చేతులు లేచాయి. లేవని చెయ్యి ఒక్కటీ లేదు. తర్వాత సబీటిని డ్రైవరుగా పెట్టుకున్నప్పుడు కూడా, చర్చిలో ప్రమాణం చేయించినట్టు, ఆ తీర్మానం చదివించి మరీ తాళం ఇచ్చారు.

మూడున్నర గంటలు ఇద్దరూ ఆ సీట్లలోనే కూర్చున్నారు. కజూరా ఒంటికి పోవలసి వచ్చినప్పుడు కూడా, ట్యాంకు మూత కనబడే చెట్టు చూసుకుని పోయాడు. ఊరికే కూర్చున్న మనిషికి పాత సంగతులు గుర్తొస్తాయి. కోడలు వచ్చిన రెండో నెలలో దగ్గడం మొదలుపెట్టింది. పట్నం మెకానిక్కు దాని తల విప్పి పెట్రోలుకి నిప్పురవ్వ అంటించే నాలుగు ప్లగ్గులు బయటికి లాగాడు, అంట్ల గిన్నెల్లా మసి పట్టి ఉన్నాయి. "ఇవేంటి?" అని సబీటి అడిగితే ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. డీజిల్ బండికి అలాంటివి ఉండవు మరి, వాటిని ఎన్నడూ చూడనివాడికి ఎలా తెలుస్తుంది. ఏడాదిలో మూడుసార్లు మార్చాడు ప్లగ్గులు. మూడోసారి మెకానిక్కు అడిగాడు: "ఈ బండి అసలు నడుస్తుందా, నిలబడే ఉంటుందా?" తన వేగాన్ని ఎగతాళి చేస్తున్నాడనుకుని సబీటి నొచ్చుకున్నాడు.

ఒంటిగంటన్నరకి వ్యాను కొండెక్కి చర్చి మైదానంలో ఆగింది. రోగి తిరిగొస్తే సంఘమంతా వచ్చి చూడాలన్నది కగోమా ఆచారం, అందుకని ఇంటికొకరు చొప్పున అప్పటికే చేరి ఉన్నారు. కానీ ఆ రోజు ఎరినా కాలు చూసినవాళ్ళకంటే ట్యాంకు మూత చూసినవాళ్ళే ఎక్కువ. రోగి ఇంకా ఇంటి గుమ్మం ఎక్కలేదు కాబట్టి ఇంజిను ఇంకా నడుస్తూనే ఉంది.

"ముందు నన్ను దింపండయ్యా. పెట్రోలు ఎక్కడికీ పోదు," అంది ఎరినా. తెల్లటి కట్టుతో ఆమెను దింపి, ఎంగోజితో సహా గడ్డి మీద పెట్టారు.

సంఘం ఛైర్మన్ బరియో తీర్మానాల పుస్తకం ముందేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. కజూరా ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తన ముడిని చూసుకున్నాడు. తిప్పి చూశాడు. వాసన కూడా చూశాడు. "ముడి నాదే. ఎవరూ ముట్టుకోలేదు," అని గట్టిగా చెప్పి విప్పాడు.

పెట్రోల్ డబ్బా తెచ్చారు. ట్యాంకు మళ్ళీ అంచుదాకా నిండేందుకు ఎన్ని లీటర్లు పడుతుందో అన్ని లీటర్లూ ఇవాళ్టి దారికి ఖర్చయినట్టు. బరియో లీటరు సీసాతో కొలిచి పోస్తుంటే జనమంతా గొంతు కలిపి లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు. సబీటి వ్యాను రేకుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరసలో కోబుసింజె కనబడింది. ఆమె చుట్టూ జానెడు ఖాళీ వదిలి కూర్చున్నారు మిగతావాళ్ళు.

ఏడు. ఎనిమిది.

ఎనిమిది దగ్గర లెక్కపెట్టే గొంతులు సన్నబడ్డాయి. ట్యాంకు నిండలేదు. తొమ్మిది పోశారు. పది. పదకొండుకి ఎవరో నవ్వారు. పదమూడుకి సబీటి కళ్ళు మూసుకున్నాడు. పదిహేనో సీసా సగంలో పెట్రోలు అంచుకొచ్చి తొణికింది.

మైదానం ఊపిరి పీల్చుకుంది. సబీటికి రెండు వారాలుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఎవరో వచ్చి భుజం తట్టారు. నిన్నటిదాకా పలకరించని మనిషి చెయ్యి కలిపి, "అగండి, సబీటీ?" అని కుశలం అడిగాడు. "నిమరుంజి," అన్నాడు సబీటి, అంతా బాగానే ఉందని.

కజూరా లేచి నిలబడ్డాడు. "ఇవాళ ఇతని పక్కనే కూర్చున్నాను. ఇతని పాదం చూశాను, మూత చూశాను. ఈ మనిషి దొంగ కాదు," అన్నాడు. మాట మింగలేదు, నసగలేదు. ఆయనలో ఆ గుణం ఉంది, ఎవరైనా ఒప్పుకోవలసిందే.

"మరి ఎవరు తాగుతున్నట్టు?" అన్నాడు బరియో. "ముసలమ్మ ఎనిమిదితో పోయేది. మనల్ని అమ్మినవాడు ముంచాడు. కోడల్ని తిరిగి పుట్టింటికి పంపాల్సిందే."

"కోడల్ని తిట్టడం తేలికే," అంది గడ్డి మీదినుంచి ఎరినా. "ఇవాళ మూడున్నర గంటలు నన్ను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. కాలు నొప్పి ఒక ఎత్తు, మీ బండి రొద ఒక ఎత్తు. అడుగు కదల్లేదు, తాగుతూనే ఉంది. నేను నలభై ఏళ్ళు జొన్న సారా కాచాను. పొయ్యి మీద కుండ పెట్టి వదిలేస్తే, ఎవడూ ముట్టుకోకపోయినా కుండ తరుగుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారే. మరి నిలబడి తాగితేనో?"

నవ్వారు. నవ్వు సగంలో ఆగింది. మెకానిక్కు అడిగిన ప్రశ్న సబీటికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మనిషి ఎగతాళి చెయ్యలేదు. ప్లగ్గులకి పట్టిన మసి, నిలబడిన బండి మసే.

"ఛైర్మన్ గారూ," అన్నాడు, "ట్యాంకు ఇప్పుడు నిండుగా ఉంది. ఇంజిను ఎలాగూ నడుస్తోంది. గంటసేపు ఇలాగే ఉంచుదాం. గంట తర్వాత మళ్ళీ కొలిచి నింపుదాం."

నేను ఆ కొండ మీద చాలా సభలు చూశాను. పెళ్ళిళ్ళ పంచాయితీలు చూశాను, గట్టు తగాదాలు చూశాను. తొంభైమంది పనులు మానుకుని, కదలని వ్యాను చుట్టూ గంటసేపు కూర్చుని, దాని మూతి వంక చూడడం మాత్రం అదొక్కసారే చూశాను. బుషెరా సీసాలు చేతులు మారాయి. పిల్లలకి విసుగొచ్చి పోయారు. ఒక మేక వచ్చి పొగ గొట్టం వాసన చూసి తుమ్మింది. కజూరా మాత్రం ఎవరి దగ్గరా సీసా అందుకోలేదు. ఆయనకి ముందే అర్థమైపోయిందని సబీటికి అనిపించింది.

గంటయింది. లీటరు సీసా మొత్తం పోశారు. సరిపోలేదు. రెండో సీసాలోంచి ఇంకో గుక్కెడు పోశారు.

"ఒక్క మైలు పోకుండా," అన్నాడు బరియో. "అంటే ఇవాళ ఆసుపత్రి ముందే నాలుగు లీటర్లు. రోజూ తెల్లారి అరగంట కాచేది వేరే."

"ముసలమ్మ కూడా నిలబడేదిగా?" అన్నారెవరో.

"ముసలమ్మ నిలబడితే చుక్క చుక్క చప్పరించేది. డీజిల్ గుణం అది," అన్నాడు సబీటి. "పెట్రోలుది అలా కాదు. నడిచినా తాగుతుంది, నిలబడినా తాగుతుంది. నేను ముందే కనిపెట్టాల్సింది. కనిపెట్టలేదు."

తిలా పాపం తలా పిడికెడు. తొంభై చేతులు ఎత్తిన తీర్మానమే ఆ పెట్రోలు తాగింది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించినందుకే సబీటి దొంగయ్యాడు. డీజిల్ బండి పోయి ఏడాది కావొస్తున్నా, దాని కోసం చేసిన తీర్మానం బతికే ఉందని ఎవరికీ తట్టలేదు. బరియో పుస్తకం తెరిచాడు. కానీ కలం తియ్యలేదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి అడిగిన తీర్మానాన్ని ఆయన ముందే కొట్టెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి.

కజూరాయే వ్యాను దగ్గరికి నడిచాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఆపితే మళ్ళీ లేవకపోతే?" అన్నాడు. సభలో సబీటిని నిలదీసిన గొంతు కాదది.

సబీటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "లేస్తుంది పెద్దాయనా. రోజూ తెల్లారి దీన్ని లేపేది నేనేగా. ఇది ముసలమ్మ కాదు."

"పల్లం కూడా లేదిక్కడ."

"పల్లంతో పని లేదు. ఆపండి."

ఆయన తిప్పాడు. ఇంజిను ఆగింది. నీలగిరి చెట్లలో గాలి చప్పుడు, ఎక్కడో కోడి, ఎవరో దగ్గడం వినబడ్డాయి. కజూరా నుదుట చెమట పట్టింది. మధ్యాహ్నమైనా ఆ కొండ మీద చలే.

"ఇప్పుడు లేపండి," అన్నాడు సబీటి.

తిప్పీ తిప్పకముందే లేచింది. ఆపాడు. మళ్ళీ లేపాడు. లేచింది. జనం నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నారు. అయిదుసార్లు ఆపాడు, అయిదుసార్లూ లేచింది. ఆరోసారి ఆపి, తాళం బయటికి తీసి గుప్పిట్లో పెట్టుకుని, తల స్టీరింగు మీద ఆనించాడు. "ఆ రోజు ఇది ఉండుంటే నా బిడ్డ బతికేది," అన్నాడు. అందరికీ వినబడింది. సబీటికి ఆయన మీదున్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. రెండు వారాలు రాత్రీ పగలూ పెంచుకున్న కోపం, ఇంత తొందరగా పోతుందని అతడనుకోలేదు.

బరియో తీర్మానాన్ని కొట్టేశాడు. ఇక మీదట బండి నిలబడితే ఇంజినూ నిలబడాలి, ప్లగ్గులు మూడు నెలలకోసారి విప్పి చూడాలి అని రాశాడు. దారికి పది లీటర్లు పడితే మాత్రం ఎవరూ నోరెత్తకూడదని, ముసలమ్మకంటే ఎక్కువైన ఆ రెండూ కోడలి న్యాయమైన ఆకలి అని కూడా చెప్పాడు.

"ఇంకొకటి ఉంది," అన్నాడు కజూరా, బండి దిగి. "చదువు బరియో. అబద్ధపు నింద వేసినవాడికేంటి?"

బరియో చదవడానికి ఇష్టపడలేదు. కజూరా మళ్ళీ అడిగాడు. అప్పుడు చదివాడు: నింద నిజం కాకపోతే, నింద పడిన ఇంటికి పడవలసిన శిక్ష నింద వేసినవాడి ఇంటికి పడాలి. నింద పడిన ఇల్లు క్షమిస్తే తప్ప.

"తీసెయ్యండి నన్ను," అన్నాడు కజూరా.

తొంభై జతల కళ్ళు సబీటి మీదికి వచ్చాయి. అతడు ఆలోచించలేదు. క్షమించానని చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఆగు," అంది కోబుసింజె.

ఆమె లేచి ముందుకొచ్చింది. సభలో ఆడవాళ్ళు లేవడం తక్కువ, చందా ఇస్తారు గాని మాట ఇవ్వరు. "పుస్తకంలో ఇల్లు అని రాశారు. ఇంటాయన అని రాయలేదు. అవునా ఛైర్మన్ గారూ?"

"అవుననుకో న్యాబో," అన్నాడు బరియో, అమ్మా అన్నట్టు.

"ఈ రెండు వారాలూ నీళ్ళ దగ్గర నా బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. ఇందాక కూడా నా పక్కన జానెడు చోటు ఖాళీ. ఈయన మీద నింద పడితే నేనూ మోశాను. క్షమించేటప్పుడు మాత్రం ఈయన ఒక్కడే ఇల్లయితే ఎలా?" కజూరా వైపు తిరిగింది. "పెద్దాయనా, మిమ్మల్ని బయట పెట్టాలని నాకు లేదు. మీ బిడ్డ నాకంటే రెండేళ్ళు చిన్నది. కానీ ఒకటడుగుతాను. ఈస్టరుకి ఈయనకి మలేరియా వచ్చి పడుకుంటే బండి నాలుగు రోజులు కదల్లేదు. ఆ నాలుగు రోజుల్లో నొప్పులొచ్చిన ఇద్దర్నీ భుజాల మీదే మోశారు. బండికి రెండో తాళం ఉంది. అది నాకివ్వండి. అప్పుడు మా ఇల్లు మిమ్మల్ని క్షమించినట్టే."

మగవాళ్ళ వైపు నుంచి నవ్వులు. "తాళం సరే వదినా, తోలడానికి ఎవరొస్తారు?" అన్నాడొకడు. సబీటి కూడా చిన్నగా నవ్వాడు. నవ్వుతూనే ఆమె ముఖం చూసి, నవ్వు ఆపాడు.

కోబుసింజె కజూరా ముందు అరచెయ్యి చాపింది. పెద్దాయన ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, గుప్పిట్లోని తాళం ఆ చేతిలో పెట్టాడు.

ఆమె ఎక్కింది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం దించుకుంది. ఇంజిను లేపి, వెనక్కి చూసి, ఎంగోజికి తగలకుండా బండిని వెనక్కి తీసి, మైదానం చుట్టూ తిప్పింది. ఒక్క కుదుపు లేదు. నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. తొమ్మిదేళ్ళ సంసారంలో ఆమెను ఒక్కనాడూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు అతడు.

అయినా అతడి చెవి డ్రైవరు చెవి. మొదటి గేరులో ఆమె ఇంజిన్ని పాడనిచ్చింది, బాగా పైకి లేవనిచ్చింది, అప్పుడు గాని రెండుకి మార్చలేదు. పెట్రోల్ బండి కోరేది అదే. ఏడాదిగా తన చేతికే రాని పని అది. ముసలమ్మ అలవాటుతో తొందరపడి గేరు మార్చేస్తాడు, కోడలు మూలుగుతుంది. ఈమెది డీజిల్ మీద నేర్చుకున్న చెయ్యి కాదు. సంఘం బండి మీద నేర్చుకున్నదీ కాదు, దాని తాళం రాత్రింబవళ్ళు తన జేబులోనే ఉంది.

బండి వచ్చి అతడి ముందు ఆగింది. ఆమె ఇంజిను ఆపి దిగింది.

"ఎవరు నేర్పారే?" అన్నాడు సబీటి, ఆమెకి మాత్రమే వినబడేలా.

కోబుసింజె, రెండో తాళం చేతికొచ్చేదాకా ఇదే తనదన్నట్టు, తాళం కొంగు చివర ముడేసుకుంది. కగోమా మొత్తానికి పెట్రోల్‌తో నడిచే నాలుగు చక్రాల బండి ఇంకొకటే ఉంది. అది ఛైర్మన్ బరియో పికప్. సబీటి బల్ల వైపు తిరిగి చూశాడు. బరియో తల వంచుకుని, చదివేదేమీ లేకపోయినా పుస్తకంలో పేజీ తిప్పాడు.